లెక్కల సారు బిడ్డ

2018 మార్చి మొదటి వారంలో నాకు మొయినాబాద్ మండలంలో ఒక విచారణ పని పడింది. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఆదాయపు పన్ను శాఖ టీడీఎస్ విభాగంలో ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న. జీతం ఉద్యోగి చేతికి రాకముందే అందులో నుంచి పన్ను పట్టుకొని ఖజానాకు జమ చేసుడే టీడీఎస్. జీతం బిల్లు మీద సంతకం చేసే అధికారిని డ్రాయింగ్ ఆఫీసర్ అంటరు. ఆయన పట్టుకోవాల్సినంత పట్టుకున్నడా, పట్టుకున్నది సమయానికి కట్టిండా అని చూసుడు మా విభాగం పని. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల ఆఫీసులు నా వంతుకు వచ్చినయి. మెహిదీపట్నంలో బస్సెక్కి ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగిన్నో నాకే గుర్తు లేదు. ఎవరి కల్లం ఎవరి ఫామ్‌హౌస్ అయిందో కిటికీలో నుంచి చూసుకుంటనే తెలుసుకున్న.

నౌకరిలో ఉండి తెలుసుకున్న వేరేవాళ్ల పన్ను సంగతులు బయటపెట్టకూడదు. అందుకే పేర్లు మార్చి రాస్తున్న, బడి ఏదో చెప్తలేను.

ఒక ఉన్నత పాఠశాల హెడ్మాస్టరు మా ఆఫీసుకు ఉత్తరం రాసిండు. ఉన్నత పాఠశాలల్లో గెజిటెడ్ హెడ్మాస్టరే డ్రాయింగ్ ఆఫీసర్. తన బడిలో లెక్కలు చెప్పే మాధవరెడ్డి అనే స్కూల్ అసిస్టెంటు, వికలాంగురాలైన బిడ్డ ఉన్నదని చూపించి పన్ను మినహాయింపు తీసుకుంటున్నడని, ఆ పిల్ల అతని బిడ్డ కాదని ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందని, కనుక్కుంటే నిజమేనని తేలిందని అందులో ఉన్నది. ఫిబ్రవరి జీతం బిల్లులో ఆ మినహాయింపు కొట్టేసి పన్ను మొత్తం పట్టుకున్నడు. తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినందుకు మెమో ఇచ్చిండు. అంతకుముందు ఏండ్లలో తీసుకున్న మినహాయింపుల సంగతి ఏం చేయాల్నో మమ్మల్ని చెప్పమన్నడు.

ఈ మినహాయింపు 80డీడీ అనే సెక్షన్ కింద వచ్చేది. వికలాంగులైన బిడ్డలను గానీ, తమ మీద ఆధారపడ్డ ఇతర దగ్గరి వాళ్లను గానీ సాకేవాళ్ల ఆదాయంలో నుంచి చట్టం కొంత మొత్తం తీసేసి, మిగిలిన దాని మీదనే పన్ను లెక్కగడుతది. వైకల్యం నలభై శాతం ఉంటే డెబ్బై ఐదు వేలు, ఎనభై శాతం నుంచి తీవ్ర వైకల్యం కింద లక్షా ఇరవై ఐదు వేలు. మందుల బిల్లులు, దవాఖాన రసీదులు ఏవీ చూపెట్టే పని లేదు. నిర్ణయించిన వైద్యాధికారి ఇచ్చిన ధ్రువపత్రం ఉంటే సరిపోతది. పిల్లను సాకే ఖర్చు రసీదుల్లో పట్టదని చట్టం రాసినవాళ్లకు తెలుసు.

మాధవరెడ్డికి వచ్చిన కష్టం పన్నుతో ఆగేది కాదు. మెమోకు ఇచ్చే జవాబు సరిపోలేదని హెడ్మాస్టరు అనుకుంటే అది జిల్లా విద్యాధికారికి పోతది. ఇంక్రిమెంట్లు ఆగొచ్చు, సర్వీసు రిజిస్టరులో ఎక్కొచ్చు. సర్కారుకు అబద్ధం చెప్పిండన్న మాట ఒక టీచరు మీద ఒకసారి పడితే రిటైరయ్యేదాక పోదు.

మా ఇన్‌కంటాక్స్ ఆఫీసర్ ప్రభాకర్ గారు ఆ ఉత్తరం నా చేతికిచ్చి రెండు సంగతులు తేల్చుకొని రమ్మన్నరు. ఆ పిల్ల చట్టం లెక్కన మాధవరెడ్డి బిడ్డ అవుతదా అన్నది ఒకటి. ఆమె బతుకు ప్రధానంగా ఆయన సంపాదన మీదనే నడుస్తున్నదా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు నాకు కొంత తెలుసు. శాఖాపరమైన పరీక్షకు చదివినప్పుడు నిర్వచనాల సెక్షను బట్టీ పట్టిన. ఆ మాట అంటే ఆయన, "మొదటిది పుస్తకంలో దొరుకుతది. రెండోది మొయినాబాద్‌ల దొరకాలె. పోయి రండి," అన్నరు.

ఇన్‌స్పెక్టర్‌కు ప్రమాణం చేయించి వాంగ్మూలం తీసుకునే అధికారం లేదు. అడగాలె, వినాలె, చూసింది చూసినట్టు నివేదిక రాయాలె. ఎవరన్న తమంతట తాము రాసిస్తే దాన్ని జోడించవచ్చు.

హెడ్మాస్టరు విఠల్ గారు చెడ్డమనిషి కాదు. భయస్తుడు. పన్ను తక్కువ పట్టుకుంటే మా శాఖ ముందు నిలదీసేది డ్రాయింగ్ ఆఫీసర్‌నే, వడ్డీతో సహా. ఇంకో ఏడాదిలో రిటైర్ కావాల్సిన మనిషి. పిల్ల పుట్టిన సర్టిఫికెట్ నా ముందు పెట్టిండు. తండ్రి పేరు దగ్గర వేరే మనిషి పేరు ఉన్నది.

"ఇది చాలదా మేడం? ఇంకోటి చెప్త. ఆ పిల్ల కూడ ఈయనను సార్ అనే పిలుస్తది. ఏ బిడ్డ అన్న తండ్రిని సార్ అంటదా?" అన్నడు.

మాధవరెడ్డిని పిలిపించిన. నలభై దాటని మనిషి, చొక్కా చేతుల మీద సుద్ద. ఆయన ఏదీ దాచలేదు. కొన్నేండ్ల కింద, బడికి రాని పిల్లలను ఇల్లిల్లూ తిరిగి రాసుకునే సర్వే పని టీచర్లకు పడితే, మొయినాబాద్‌లో ఒక ఇంటికి పోయిండు. అక్కడ ప్రిస్కిల్లా అనే పిల్ల ఉన్నది. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు నిలవవు, చేతులు చెప్పిన మాట వినవు, మాట ముద్దగా వస్తది. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. తండ్రి జబ్బు చేసి చనిపోయిండు. తల్లి సునీత కుట్టుమిషన్ మీద బతుకుతున్నది. బడికి రాలేని పిల్లకు ఇంటికే పోయి పాఠం చెప్పేటందుకు మాధవరెడ్డి ఒప్పుకున్నడు. ఆదివారం చర్చి అయిపోయినంక లెక్కలు చెప్పేది. రెండేండ్లు అట్ల గడిచినంక సునీతను అడిగిండు. రిజిస్ట్రారు ఆఫీసులో పెండ్లి చేసుకున్నరు. కనకమామిడిలో ఉన్న ఆయన తండ్రి ఆ పెండ్లికి రాలేదు, తర్వాత ఇంట్లకు రానియ్యలేదు.

"పన్ను వాపస్ రాకున్నా నాకు ఫికర్ లేదు మేడం," అన్నడు ఆయన. "నేను అబద్ధం చెప్పిన అని రాసిన్రు. ఆ మాట తీసేయాలె. అది ఉన్నన్ని రోజులు నేను క్లాసుల ఏం మొఖం పెట్టుకొని నిలబడాలె?"

అదే రోజు వాళ్లింటికి పోయిన. కిరాయి ఇల్లు, ముందు గదిలో కుట్టుమిషన్, పక్కన చక్రాల కుర్చీలో పిల్ల. పదకొండు పన్నెండేండ్లు ఉంటయి. నన్ను చూసి ఏదో అన్నది. నాకు అర్థం కాలేదు. సునీత చెప్పింది: "మీరు టాక్సోళ్లా, మా సార్‌ను తీస్కపోతరా అని అడుగుతున్నది మేడం."

తీసుకపోను అన్న. అయితే ఎందుకొచ్చినవన్నట్టు చూసింది. హెడ్మాస్టరు చెప్పిన మాట గుర్తుండి, నాన్న అనకుండ సార్ అని ఎందుకు పిలుస్తవని అడిగిన. ఈసారి మెల్లగా, నాకు తెలిసేటట్టు చెప్పింది. "ఫస్టు వచ్చినప్పుడు సారే కద. ఇంట్ల ఉంటే సార్ కాకుంట పోతడా?"

నేను సునీతను అడగాల్సినవి అడిగిన. పిల్ల ఖర్చు ఎవరు పెడుతున్నరు, మొదటి భర్త తరఫు వాళ్లు ఏమన్న పంపుతరా, ఆమె సంపాదన ఎంత, ఇంకెవరన్న ఈ పిల్ల పేరు మీద మినహాయింపు తీసుకుంటున్నరా. వరుసగా జవాబు చెప్పింది. జాకెట్లు కుడితే వచ్చేది కూరగాయలకే సరిపోతది. మొదటి భర్త అన్నదమ్ములు శంకర్‌పల్లి దిక్కు ఉంటరు, రాకపోకలు లేవు. అన్నీ అయినంక ఆమె మిషన్ మీద నుంచి చేయి తీసి నా దిక్కు తిరిగింది.

"నేనొకటి అడగాల్నా మేడం? మా పిల్లకు వికలాంగుల పింఛన్ వచ్చేటిది. మా పెండ్లి అయినంక బంద్ చేసిన్రు. ఎందుకని పోయి అడిగితే, తండ్రికి సర్కారు నౌకరి ఉన్నది, ఇయ్యం అన్నరు. సరే, తండ్రే కద అని నేను ఊకున్న. ఇప్పుడేమో తండ్రే కాదంటున్నరు. పింఛన్ తీసేసేటప్పుడు తండ్రి, పన్ను పట్టేటప్పుడు పరాయోడా? ఏదో ఒకటి మీరే చెప్పుండ్రి."

ముప్పై ఏండ్ల నౌకరిలో పెద్ద పెద్ద ఆడిటర్ల వాదనలు విన్న. ఇంత సూటిగా అడిగినవాళ్లు తక్కువ. ఇది నివేదికలో రాస్తా అని చెప్పిన. రాసిన కూడా.

అయినా సునీత మాట, మాధవరెడ్డి మాట సరిపోవు. మినహాయింపుతో లాభం వాళ్లకే. వాళ్లకు ఎదురుండేవాళ్లను అడగకుండ విచారణ పూర్తి కాదు. కనకమామిడిలో భూమి ఉన్నది, ఉమ్మడి ఆస్తి ఉన్నది. పిల్లకు అక్కడి నుంచి ఏమన్న అందుతున్నదా అన్నది కూడా తేలాలె. మర్నాడు కనకమామిడి పోయిన.

మాధవరెడ్డి తండ్రి బాల్‌రెడ్డి మాజీ సర్పంచ్. గులాబీ తోట పక్కన రేకుల షెడ్డులో కూలీలు పూలు కట్టలు కడుతుంటే కుర్చీ వేసుకొని కూర్చున్నడు. ఎవరో, ఎందుకొచ్చిన్నో చెప్పిన. మీరు చెప్పేది నివేదికలో పెడతానని కూడా చెప్పిన. ఆయన సంతోషపడ్డడు. ఇన్ని రోజులకు సర్కారు తన దగ్గరికి వచ్చిందనుకున్నడు.

"ఆ ఉత్తరం నేనే రాయించిన," అన్నడు. "ఆ పిల్ల మా రక్తం కాదు. మావోడు పెండ్లి చేసుకున్నడు గని ఆ పిల్ల మాకేం గాదు. గది రాసుకో అమ్మా."

"రాసుకుంట. మరి ఆ పిల్లను ఎవరు సాకుతున్నరు?" అని అడిగిన.

"ఇంకెవలు సాకుతరు? మావోడే. జీతం పడుడే ఆలస్యం, అంత ఆ పిల్లకే. దవాఖానకు వాడే పెట్టాలె, కుర్చీకి వాడే పెట్టాలె, కాళ్లు చేతులు ఒత్తి కసరత్తు చేయించెటామె వస్తది, ఆమెకు వాడే ఇయ్యాలె. దాని కన్నతండ్రి దిక్కోళ్లు ఎట్లున్నదని గూడ అడగరు. మేనమామలు పత్తా లేరు. అంత మావోని నెత్తి మీదనే పడ్డది. నేను గింజ ఇయ్య, పైస ఇయ్య. వాడు గూడ మాకు పైస ఇయ్యడు."

షెడ్డులో కూలీలు తల వంచుకొని పూలు కడుతనే ఉన్నరు. ఇది మీరు రాసిస్తరా అని అడిగిన. ఎందుకియ్య అన్నడు. సర్పంచ్‌గా పనిచేసిన మనిషి, రాత మీద నమ్మకం ఉన్నది. నా దగ్గర తెల్లకాగితం తీసుకొని, నాకు చెప్పిందే ఇంకా వివరంగా రాసిండు. ఆ పిల్ల పోషణ మొత్తం తన కొడుకు జీతం మీదనే నడుస్తున్నదని, వేరే ఎవరూ ఒక్క రూపాయి పెడుతలేరని, తన కుటుంబానికి దానితో సంబంధం లేదని రాసి, కూలీలకు వినపడేటట్టు గట్టిగా చదివి, సంతకం పెట్టిండు. ఇద్దరితో సాక్షి సంతకాలు కూడా పెట్టించిండు. అది నేను అడగలేదు.

కాగితం మడిచి సంచిలో పెట్టుకొని బస్సెక్కిన. ఆ రోజు మొయినాబాద్ దాటేదాక నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

నివేదికలో మొదటి సంగతికి నిర్వచనాల సెక్షను ఎత్తి రాసిన. ఆదాయపు పన్ను చట్టం రెండో సెక్షను బిడ్డ అనే మాటకు అర్థం చెప్తది. ఆ మాటలో సవతి బిడ్డ, దత్తత బిడ్డ కూడా చేరుతరని అందులో స్పష్టంగా ఉన్నది. రక్తం ఊసు లేదు, పిలుపు ఊసు లేదు. తల్లిని చట్టప్రకారం పెండ్లి చేసుకున్నడు కాబట్టి ప్రిస్కిల్లా మాధవరెడ్డికి సవతి బిడ్డ. అంటే చట్టానికి బిడ్డ. రెండో సంగతికి బాల్‌రెడ్డి కాగితం జోడించిన. ప్రభాకర్ గారు అది చదివి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకొని ఇంకోసారి చదివిన్రు.

"మాధవరెడ్డి ఊరంత తిరిగినా ఇంతకన్న మంచి సాక్షి దొరకకపోయేది," అన్నరు.

మినహాయింపు చెల్లుతదని, గడిచిన ఏండ్లవి కూడా చెల్లుతయని, తప్పుడు ధ్రువీకరణ అనేందుకు ఆధారం ఏదీ లేదని హెడ్మాస్టరుకు జవాబు తయారైంది. పోస్టులో పంపితే సరిపోయేది. కానీ మెమోకు జవాబిచ్చే గడువు దగ్గర పడ్డది. నేనే పట్టుకపోతానని అడిగిన, ఆయన ఒప్పుకున్నరు.

విఠల్ గారు ఉత్తరం చదివి, చట్టం పుస్తకం చూపించమన్నడు. నేను తీసుకపోయిన. నిర్వచనం మీద వేలు పెట్టుకొని చదివిండు. మళ్లీ మొదటి నుంచి చదివిండు. పింఛన్ ఎందుకు ఆగిందో సునీత చెప్పిన మాట కూడా నేను చెప్పిన. ఆయన పుస్తకం మూసి నా దిక్కు జరిపిండు.

"ఆకాశరామన్నను నమ్మిన, పక్క గదిలో ఉన్నోణ్ని అడగలేదు," అన్నడు.

ఆ తర్వాత ఆయన చేసిన పనికి నేను ఇప్పటికీ గౌరవం ఇస్తా. మెమోను ఉపసంహరించుకుంటున్నట్టు అక్కడికక్కడే కాగితం రాసి, ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూంకు పోయి, అందరి ముందు చదివిండు. మెమో సంగతి అందరికీ తెలిసినప్పుడు, తీసేసిన సంగతి కూడా అందరికీ తెలవాలన్నడు. టీచర్లు చప్పట్లు కొట్టిన్రు. తెలుగు పంతులమ్మ కండ్లు తుడుచుకున్నది. మాధవరెడ్డి ఆ కాగితం తీసుకొని రెండు చేతులతో జేబులో పెట్టుకున్నడు. బెల్లు కొట్టింది. ఆయన ఎనిమిదో తరగతికి పోయిండు. కిటికీలో నుంచి ఆయన గొంతు బడి ఆవరణంతా వినిపించింది. ఆ రోజు చెప్పినంత గట్టిగా ఎన్నడూ పాఠం చెప్పలేదని పక్క గది టీచరు నవ్వింది.

పట్టుకున్న పన్ను అప్పటికే ఖజానాకు చేరింది కాబట్టి, రిటర్ను వేసి వాపసు తీసుకోవాలని ఆయనకు చెప్పిన. వేసిండు, వచ్చింది. బస్టాండుకు పోయే దారిలో వాళ్లింటి ముందు ఆగిన. కబురు నాకంటే ముందే చేరింది. సునీత గల్లీలో అందరికీ బూందీ పంచుతున్నది. ప్రిస్కిల్లా నన్ను చూసి ఒక మాట అన్నది. ఈసారి తల్లి చెప్పకుండనే నాకు అర్థమైంది. "మా సార్ లెక్క తప్పడు."

నెల తిరగకముందే బాల్‌రెడ్డి మా ఆఫీసుకు వచ్చిండు. తెల్లబట్టలు, భుజం మీద తువ్వాల. తను ఒకటి రాసిస్తే మేం ఇంకోటి చేసినమని ప్రభాకర్ గారి ముందు నిలబడ్డడు. ఆయన కుర్చీ చూపించి, ఆ కాగితం తెప్పించి, మొదటి నుంచి చివరిదాక చదివి వినిపించిన్రు.

"ఇందులో అబద్ధం ఏమన్న ఉన్నదా?" అని అడిగిన్రు.

"అబద్ధమెందుకు రాస్త? ఒక్క మాట గూడ అబద్ధం లేదు," అన్నడు బాల్‌రెడ్డి.

"అదే నిజం మీద మేం నిర్ణయం తీసుకున్నం."

ఆయన తువ్వాల సవరించుకున్నడు. "అయితే సర్కారు లెక్కల ఆ పిల్ల మావోని బిడ్డనేనా?"

"అవును."

"మరి మేం గూడ ఒప్పుకోవాల్నా?"

"అది మా శాఖ పని కాదు. మీ ఇంటి సంగతి," అన్నరు ప్రభాకర్ గారు.

బాల్‌రెడ్డి లేచిండు. తలుపు దాక పోయి వెనక్కి తిరిగి, రాత మాత్రం మార్చనని, రాసింది రాసినట్టే ఉండాలని గట్టిగా చెప్పి పోయిండు. తర్వాత ఆయన మనసు మారిందో లేదో నాకు తెలియదు. ఆయన భార్య మాత్రం మొయినాబాద్ వచ్చి పోతున్నదని మాధవరెడ్డి ఒకసారి చెప్పిండు.

ఆ ఏడాదే చేవెళ్లలో చుట్టుపక్కల మండలాల డ్రాయింగ్ ఆఫీసర్లకు, జీతం బిల్లులు తయారు చేసే సిబ్బందికి మేం ఒక అవగాహన తరగతి పెట్టినం. మామూలుగా అటువంటి తరగతులకు ముఖం చూపించి టీ తాగి పోయేవాళ్లే ఎక్కువ. విఠల్ గారు ముందు వరుసలో కూర్చున్నడు. నేను బిడ్డ అనే మాట నిర్వచనం చదివినప్పుడు ఆయనే లేచి, తన బడిలో జరిగింది, తను చేసింది, ఏదీ తగ్గించకుండ చెప్పిండు. అయిపోయినంక మనుషులు నా చుట్టూ చేరిన్రు. దత్తత తెచ్చుకున్న కొడుక్కి వినికిడి లేదని, కన్నకొడుకు కాదని ఇన్నేండ్లు అడగడానికే వెనుకాడిన ఒక సీనియర్ అసిస్టెంటు వచ్చింది. వికలాంగుడైన తమ్ముణ్ని సాకుతున్న ఒకాయన వచ్చిండు. ఆధారపడి ఉంటే అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు కూడా ఈ సెక్షను కిందికి వస్తరని ఆయనకు తెలియదు. బిడ్డ సంగతి ఆఫీసులో తెలిస్తే చిన్నతనం అని ధ్రువపత్రం బీరువాలోనే పెట్టుకున్న తండ్రులు కూడా ఉన్నరు. ఆ తర్వాతి ఫిబ్రవరి బిల్లుల్లో ఆ మూడు మండలాల నుంచి ఈ మినహాయింపు అడిగినవాళ్లు బాగా పెరిగిన్రు. ప్రతి ఒక్కటి పరిశీలించినం. కొట్టేయాల్సింది ఒక్కటీ కనిపించలేదు.

ఇప్పుడు అడిగేవాళ్ల కోసం ఒక మాట. కొత్త పన్ను పద్ధతి ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపు వర్తించదు. బిడ్డ వైకల్యం మీద మినహాయింపు కావాలంటే రెండు పద్ధతుల్లో లెక్క వేసుకొని, పాతది మేలైతే అదే కావాలని ఆఫీసులో ముందే రాసియ్యాలె. ధ్రువపత్రం మీద గడువు ఉంటే, అది దాటకముందే కొత్తది తీసుకోవాలె.

ప్రమోషన్ వచ్చినంక, నా కింద చేరిన కొత్త ఇన్‌స్పెక్టర్లకు ఫైలు ఇచ్చినప్పుడల్లా, ముందు నిర్వచనాలు చదివి తర్వాత మనుషుల దగ్గరికి పొమ్మనేదాన్ని. ఇంట్లో వాడే మాటకు, చట్టంలో అదే మాటకు హద్దులు వేరు. చట్టం హద్దే విశాలంగా ఉన్న చోట్లు కూడా చాలా ఉన్నయి. మినహాయింపు అడిగినవాళ్లతో పాటు దాన్ని వద్దనేవాళ్లను కూడా కూర్చోబెట్టి చివరిదాక వినమనేదాన్ని. కోపంలో ఉన్న మనిషి వివరాలు దాచుకోడు.